అక్కకు ఆదివారం కావాలి

నిజం చెప్పండి. కళ్ళకు గంతలు కట్టి రెండు గిన్నెలు ముందు పెడితే, మీరు నెత్తిన పెట్టుకుని ఊరేగించే చిన్న హోటలు సాంబారు ఏదో, మీరు నోరారా తిట్టే పెద్ద హోటలు సాంబారు ఏదో చెప్పగలరా?

చెప్పగలమనే అంటారు. నేనూ అన్నాను. మద్రాసు పెరంబూరులో మా చర్చా సంఘమంతా అంది. దేవుణ్ణి నమ్మని వాళ్ళం, జాతకాన్ని నమ్మని వాళ్ళం, దిష్టిని నమ్మని వాళ్ళం, మా నాలుకల్ని మాత్రం గుడ్డిగా నమ్మాం. ఆ నమ్మకం ఎట్లా కూలిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కూలినందుకు నాకు బాధేమీ లేదు. ఆ వారం గుర్తొస్తే ఇప్పటికీ బస్సులో ఒంటరిగా నవ్వుకుంటాను. పక్క సీటువాళ్ళు కొంచెం జరిగి కూర్చుంటారు.

రైల్వే వర్క్‌షాపు గోడ వెంబడి పోయే రోడ్డులో ఒక తెలుగు మెస్సు ఉంది. బోర్డు మీద పేరు ఎండకు వెలిసిపోయింది. ఎవరూ చదవలేరు, చదవాల్సిన అవసరమూ ఎవరికీ రాలేదు. నడిపే ఆమెను అందరం అక్క అంటాం, ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళం కూడా. ఆమె వండుతుంది, వడ్డిస్తుంది, తిడుతుంది. ఆమె భర్త గల్లా దగ్గర కూర్చుని చిల్లర ఇస్తాడు. ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఒకరు చాలని ఆయన ఎప్పుడో తీర్మానించుకున్నట్టున్నాడు. కూరగాయలు తరగడానికి, గిన్నెలు కడగడానికి ఒక ముసలామె వస్తుంది. అంతే సిబ్బంది.

శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఆ మెస్సులోనే మా చర్చా సంఘం కూడుతుంది. దీనికి అధ్యక్షుడు వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన. జార్జి టౌనులో నూనెల హోల్‌సేలు కొట్టుకు లెక్కలు రాసే ఆయన ఒకడు, అక్క పెట్టిన పేరు లెక్కలన్న. ఒక టీచరమ్మ. ఆమె తెలుగు చర్చిలో పాటలు పాడుతుంది, మా అందరిలో ఏకైక ఆస్తికురాలు. మమ్మల్ని మార్చడానికి వస్తోందో, మేం తనను మార్చాలని వస్తోందో ఇన్నేళ్ళయినా తేలలేదు. తర్వాత నేను.

మా సంఘానికి ఒక పద్ధతి ఉంది. ఏ మాటైనా ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. బలపరచడమంటే ఉత్తగా చెయ్యెత్తడం కాదు. తన వంతుగా ఏదో ఒకటి కలపాలి. చివర అధ్యక్షుడు కూడా తన వంతు కలిపి ఆమోదం ప్రకటించాలి. పాత సంస్కరణ సభల్లో నేర్చుకున్న క్రమశిక్షణ ఇది. ఎదురు వాదించడానికి చీటీ తీస్తాం. ఎవరికి వస్తే వాళ్ళు, నమ్మినా నమ్మకపోయినా, గట్టిగా ఎదురు వాదించాలి. ఈ పద్ధతి మీద మాకు ఎంత గర్వమంటే, టీ తాగడానికి కూడా ప్రతిపాదన పెట్టుకుంటాం.

ఇట్లా ఉండగా మెస్సుకు సరిగ్గా ఎదురుగా ఒక చైను హోటలు వచ్చింది. మద్రాసులో ప్రతి పేటలోనూ దానికో శాఖ ఉంది, టి. నగర్‌లో చీరలు కొన్నవాళ్ళు మూటలతో సహా కూలబడేది అందులోనే. అద్దాల గోడలు, చల్లటి గాలి, తెర మీద టోకెను నంబర్లు. తెరిచే రోజు నేను ప్రత్యేకంగా వెళ్ళి నిలబడ్డాను. ఇడ్లీ ఉడికే వేడిని యంత్రం కొలుస్తుంది, బిల్లు యంత్రం కొడుతుంది, ఏ శాఖలో ఏ రోజు ఎన్ని వడలు పోయాయో ఒకచోట కూర్చుని చూస్తారట. అంత విజ్ఞానమూ గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంది, రాహుకాలం పోయేదాకా. రాహుకాలం పోయాక గుమ్మడికాయ పగిలింది, ఎర్రనీళ్ళు రోడ్డున పడ్డాయి, అప్పుడు కంప్యూటరు ఆన్ చేశారు. ఇటు తిరిగి చూస్తే అక్క కూడా ఆ పొద్దున తన గుమ్మానికి కొత్త నిమ్మకాయ, మిరపకాయలు కడుతోంది.

"ఏందక్కా ఇది" అన్నాను.

"వాళ్ళ దిష్టి నాకు తగలకుండా."

"వాళ్ళేమో నీ దిష్టి తగలకుండా గుమ్మడికాయ కొట్టారు."

"అయితే సరిపోయింది గదన్నా. ఇద్దరం సేఫ్ దానే" అంది, చివర అరవం కలిపి.

కాబట్టి చిన్నది పవిత్రం, పెద్దది పాపం అనే పాట నేను పాడను. మూఢనమ్మకంలో రెండూ ఒకే కంపెనీ శాఖలు. చిన్న హోటళ్ళ పాతకాలపు ఆప్యాయత గురించి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు కొంచెం తుడుచుకుని వినాలి. మా నాయన ఈ ఊళ్ళో కుర్రవాడిగా తిరిగిన రోజుల్లో, కొన్ని ముచ్చటైన చిన్న హోటళ్ళు ఆకు వేసేముందు మెల్లిగా 'మీరెవరు' అని కులం అడిగేవట. ఆకలిగొన్నవాడిని ఎవరని అడగడం ఆప్యాయతా? టోకెను యంత్రం ఆ ప్రశ్న అడగదు. చైను హోటలు వల్ల ఈ దేశానికి జరిగిన మేలు అది, ఆ మేలు దాని ఖాతాలో వెయ్యాలి. అక్క కూడా అడగదు. ఆమె అడిగే ప్రశ్న ఒకటే: "పొద్దున్నించి తినలేదా, లేక ఆడ తినొచ్చి ఈడ నాటకమా?"

ఆడ అంటే ఎదురుగా ఉన్నది.

అది వచ్చిన కొత్తల్లో మేమంతా అటువైపు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఒట్టు మీద నమ్మకం లేని వాళ్ళం గనక దాన్ని తీర్మానం అన్నాం. రోజూ అక్క ముందు కూర్చుని ఒకరికి మించి ఒకరం పొగిడేవాళ్ళం. చేతి రుచి అన్నాం. హస్తవాసి అన్నాం. పెద్దాయన ఒకరోజు మజ్జిగ అన్నంలో చెయ్యి ఆపి, "అక్కా, నువ్వు అన్నపూర్ణాదేవివి" అన్నాడు. జీవితమంతా దేవుడి ఉత్సవాలకు చందా ఇవ్వని మనిషి. అక్క ఆయన ఆకులో ఇంకో గరిటె మజ్జిగ పోసి, "దేవతకు కాళ్ళనొప్పులు వస్తాయా పెద్దన్నా" అని పోయింది. మేం అది చమత్కారం అనుకుని నవ్వాం.

ఒక గురువారం, చారు వడ్డిస్తూ, అప్పడం విరిగినంత తేలిగ్గా చెప్పింది.

"ఎదురోళ్ళు నన్ను పనికి పిలస్తా ఉండారు. అంబత్తూరు దగ్గిర పెద్ద వంటశాలంట వాళ్ళది. అన్ని శాఖలకూ ఆణ్ణించే పోతాదంట. నేను నిలబడి చూసుకుంటే చాలంట. సోమవారం చెప్తానని చెప్పినా."

ఎవరి చెయ్యీ నోటిదాకా పోలేదు.

"మెస్సు?" అన్నాడు లెక్కలన్న.

"మూసేస్తా."

"మేం యాడ తినేది?"

"ఎదురుగా ఉండాది గదా. బాగా చల్లంగా ఉంటాది" అని చెంబు పట్టుకుని లోపలికి పోయింది.

ఒక మెస్సు మూతపడితే ప్రపంచం మునిగిపోదు. అది నాకూ తెలుసు. కానీ ఆ మెస్సులో నైట్‌ షిఫ్టు దిగిన రైల్వేవాళ్ళు తింటారు, ఆస్పత్రిలో మనిషిని పెట్టుకున్నవాళ్ళు తింటారు, కోడంబాక్కం స్టూడియోల్లో సెట్లకు రంగులేసే ఒకతను రైలెక్కి వచ్చి మరీ తింటాడు. అక్క అందరినీ తిడుతుంది, ఎవరినీ ఆకలితో పంపదు. అందుకని మేం ఏం చేశాం? చర్చ పెట్టాం. ఏదైనా మునిగిపోతుంటే మాకు తెలిసిన పని అదొక్కటే.

శనివారం అంశం: 'చిన్న హోటళ్ళు బతకాలి.' మెస్సు నిండిపోయింది, నిలబడ్డవాళ్ళు రోడ్డు మీదికి వచ్చారు. చీటీ తీస్తే ఎదురు వాదించే పని లెక్కలన్నకు పడింది. అతను అక్క దగ్గర పొద్దున టిఫినూ, మధ్యాహ్నం భోజనమూ తినే మనిషి. అక్క ముఖం చూడలేక గోడను చూస్తూ మొదలుపెట్టాడు. మొదట నీళ్ళు నమిలాడు. తర్వాత నేతి దోసె దగ్గరికి వచ్చాడు. ఆ దోసె అంచు ఎట్లా ఎర్రగా కాలుతుందో, మధ్యలో ఎట్లా మెత్తగా ఉంటుందో, కొబ్బరి చట్నీ చల్లగా, సాంబారు పొగలు కక్కుతూ ఎట్లా వస్తాయో, సాయంత్రం పూట అద్దం పక్క బల్ల దొరికితే బయట ట్రాఫిక్కు మూగ సినిమాలాగా ఎట్లా కనిపిస్తుందో చెప్పుకుపోయాడు. ముందు వరసలో ఒకాయన గుటక వేశాడు.

టీచరమ్మ లేచి, "అధ్యక్షా, ఒక సందేహం. అన్నకు ఇంత వివరంగా ఎట్లా తెలుసు?" అంది.

సభ ఒక్కసారి భళ్ళున నవ్వింది. లెక్కలన్న చెవులు ఎర్రబడ్డాయి. "పరిశోధన కోసం పోయినా" అన్నాడు.

"ఎన్ని మాట్లు పరిశోధించినావు?" అని వంటింట్లోంచి అక్క గొంతు.

అతను కూర్చున్నాడు. నేను లేచాను. చైను అంటే గొలుసు, గొలుసు అంటే సంకెల అనే చౌకబారు మాటలు నేనాడలేదు. ఇరవై పేటల్లో ఒకే రుచి ఉంటే అది రుచి కాదు, శాసనం అన్నాను. ఒక మనిషి చేతికి బదులు లేదన్నాను. అక్క చేతి సాంబారును ఏ యంత్రమూ పట్టుకోలేదని, ఒక్క బొట్టు నాలుక మీద పడితే కళ్ళు మూసుకుని గుర్తుపడతానని అన్నాను. చప్పట్లు పడ్డాయి.

చప్పట్లు ఆగకముందే అక్క బయటికి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ అధ్యక్షుడి బల్ల పక్కన నిలబడింది.

"అన్నా, మొన్న బుధవారం సాంబారు ఎట్ల ఉండింది?"

"బ్రహ్మాండంగా ఉండింది" అన్నాను. దేవుళ్ళను నమ్మనివాడు ఆ మాట వాడకూడదు, కానీ ఆ రోజు అట్లానే ఉండింది.

"నువ్వు మూడు మాట్లు పోయించుకున్నావు. పెద్దన్న గిన్నె ఎత్తి తాగినాడు. నా చెయ్యి ఎక్కడా లేదని లెక్కలన్న అన్నాడు."

"నీ చెయ్యి మాదిరి ఎక్కడా లేదన్నాను" అని సవరించాడు లెక్కలన్న.

"అదే అదే. ఆ పొద్దు నాకు నడుం పట్టేసింది. లేవలేకపోయినా. మా ఆయన అండా తీసుకుని ఎదురుగా పోయి కొనుక్కొచ్చినాడు. ఆ సాంబారే అది."

అందరం గల్లా వైపు చూశాం. ఆమె భర్త తలెత్తి, ఆ సంవత్సరానికి తన వంతు మాట అన్నట్టుగా, "అవును" అన్నాడు.

ముందు టీచరమ్మ నవ్వింది. ఆమె నవ్వు చర్చిలో పాడినట్టే మొదలవుతుంది, మెల్లిగా, తర్వాత ఎవరూ ఆపలేరు. పెద్దాయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. నేను నిలబడే ఉన్నాను, చెయ్యి ఇంకా ఉపన్యాసంలో ఉన్నట్టు గాలిలో ఉంది. దాన్ని దించి నేనూ నవ్వాను. చేతి రుచి, హస్తవాసి, అన్నపూర్ణ, అన్నీ ఒక అండా సాంబారులో మునిగి అడుగుకు పోయాయి. అంతకంటే హాయి అయిన ఓటమి నాకెప్పుడూ ఎదురుకాలేదు.

"అయితే నువ్వెందుకు పోతున్నావక్కా, వాళ్ళదీ నీదీ ఒకటే అయినప్పుడు?" అంది టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"వారానికి ఒక రోజు సెలవంట మే" అంది అక్క ఆమె వైపు తిరిగి.

కొంగు భుజాన వేసుకుని మళ్ళీ అందుకుంది.

"ఈ మెస్సు పెట్టిన కాణ్ణించి నాకు సెలవు లేదు. దీపావళికి కూడా మీరే వస్తారు, ఇంట్లో పెండ్లాలు లేనోళ్ళు, ఉండీ ఊరికి పంపినోళ్ళు. ఒక పొద్దు మూసేస్తానంటే మేం యాడ తినేది అంటారు. నన్ను దేవత అంటారు. ఆడ దేవత అనరంట. సూపర్‌వైజర్ అంటారంట. సూపర్‌వైజర్‌కి ఆదివారం ఉండాది."

ఒక మనిషిని దేవతను చెయ్యడం కన్నా చవకైన జీతం ప్రపంచంలో ఇంకోటి లేదు. తల్లికి అదే ఇస్తాం, నర్సుకు అదే ఇస్తాం, వంటామెకు అదే ఇస్తాం. దేవతకు కాళ్ళనొప్పులుండవు, నడుం పట్టదు, సినిమా చూడాలనిపించదు. రాతి దేవుళ్ళను పీకెయ్యాలని ఊరూరా మాట్లాడినవాళ్ళం, మధ్యాహ్నానికి ఆకలేస్తే రక్తమాంసాలున్న మనిషిని గుళ్ళో పెట్టి తలుపేశాం. చైను హోటలు లాభం కోసమే కావచ్చు, ఆ తలుపు తీసి ఆమెతో 'ఆదివారం పనికి రాకండి' అంది. అంతమాత్రానికి దానికి దండం పెట్టను. సిగ్గుపడటానికి మాత్రం అది చాలు.

పెద్దాయన బల్ల మీద గ్లాసుతో కొట్టాడు. "రేపు ఆదివారం. రేపు అక్కకు సెలవు. మెస్సు మూయం. మేం వండుతాం. ఇది నా ప్రతిపాదన."

"నేను బలపరుస్తున్నా. నా వంతుగా ఎర్రగడ్డలు తరుగుతా" అన్నాడు లెక్కలన్న. పరిశోధన మరక కడుక్కోవాలని అతని తొందర.

అక్క మమ్మల్ని ఒక్కొక్కరినీ పైనుంచి కిందికి చూసింది. "మీ ఇండ్లల్లో ఎప్పుడన్నా కాఫీ కలిపినారా?"

"సిద్ధాంతం తెలుసు" అన్నాను.

"సరి. నేను రేపు ఆడ కూర్చొని తింటా. మీరు ఈడ ఏం చేస్తారో అద్దంలోంచి చూస్తా. సోమవారం వాళ్ళకు చెప్పాల్సింది అప్పుడు చూస్తా" అంది.

ఆదివారం పొద్దున అక్క మాకు వంటిల్లు అప్పగించిన తీరు చూడాల్సింది. పట్టుచీర కట్టింది, తల నిండా మల్లెపూలు పెట్టింది. ఆమె భర్త ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కూరగాయలు తరిగే ముసలామెను కూడా వెంటబెట్టుకుంది. ముగ్గురూ రోడ్డు దాటి, ఆ అద్దాల తలుపు తోసుకుని, అద్దం పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. రోడ్డు దాటడం అంత పండగలాగా ఉంటుందని నాకు తెలియదు.

ఇటు వంటింట్లో అధ్యక్షుడు గరిటె చేతబట్టి క్రమశిక్షణ ప్రకటించాడు. ఏ పనైనా ప్రతిపాదించాలి, బలపరచాలి, ఆమోదించాలి. లేకపోతే గందరగోళం అవుతుంది. కందిపప్పు ప్రతిపాదించాం, ఉడికింది. చింతపండు ప్రతిపాదించాం, పిండాం. ముల్లంగి వెయ్యాలా, మునగకాడ వెయ్యాలా అని చర్చ నడిచింది. ఓటు సమానమైంది, రెండూ వేశాం. లెక్కలన్న ఎర్రగడ్డలు తరుగుతూ బహిరంగంగా ఏడుస్తుంటే, ఆకలితో వచ్చిన ఒక లోకో పైలట్ తలుపులోంచి తొంగిచూసి, "ఎవరన్నా పోయినారా అన్నా" అని పరామర్శించాడు.

తర్వాత ఉప్పు వచ్చింది. లెక్కలన్న ఉప్పు ప్రతిపాదించాడు, గుప్పెడు వేశాడు. నేను బలపరిచాను. మా పద్ధతి మీకు తెలుసు కదా, బలపరచడమంటే ఉత్తగా చెయ్యెత్తడం కాదు. నా వంతు గుప్పెడు వేశాను. అధ్యక్షుడు ఆమోదం ప్రకటిస్తూ, ఎన్నో ఏళ్ళ అలవాటు ప్రకారం, తన వంతు కలిపాడు. ఆయన అరచెయ్యి ఫిట్టరు అరచెయ్యి, గంపంత ఉంటుంది.

రుచి చూసే పని ఎవరూ ప్రతిపాదించలేదు. అందుకని ఎవరూ చూడలేదు.

చర్చి అయిపోయి టీచరమ్మ వచ్చేసరికి సాంబారు తెర్లుతోంది. ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకింది. ఆమె ముఖం కాసేపు ఆమెది కాదు.

"అన్నా, నేను దేవుణ్ణి నమ్ముతా. బైబిల్లో సముద్రం నీళ్ళు రెండుగా విడిపోయినాయంటే నమ్ముతా. ఇది సాంబారు అంటే మాత్రం నమ్మలేను" అంది.

"కొంచెం ఉప్పెక్కువా?" అన్నాడు పెద్దాయన.

"మెరీనాలో ఒక అల ఎగస్ట్రాగా వచ్చినట్టుండాది."

ఇక చర్చ లేదు. ఉన్న పప్పంతా ఉడకబెట్టాం. నీళ్ళు, చింతపండు, ముల్లంగి, కనిపించిందల్లా వేశాం. అండా నిండింది. ఇంకో గుండిగ తెచ్చాం, అదీ నిండింది. రసం గిన్నెలు, ఇడ్లీ పాత్ర, చివరికి కాఫీ డికాక్షన్ పాత్ర కూడా సాంబారుతో నిండాయి. తగ్గించాలని మొదలుపెట్టింది ఉప్పు, పెరిగింది సాంబారు. ఎట్టకేలకు తినదగినట్టయింది. పైగా, నా నాలుక సాక్ష్యం ఎట్లాగూ చెల్లదు గాని, బాగానే ఉంది. కానీ పేటంతా తిన్నా తరగనంత ఉంది.

పేటంతా తినింది. వేరే దారి లేదు. లెక్కలన్న రోడ్డు మీద నిలబడి పోయేవాళ్ళను చెయ్యి పట్టుకుని లాగాడు. లోకో పైలట్ తిని, తన వాళ్ళకు ఫోను చేశాడు. ఆటోస్టాండు మొత్తం వచ్చింది. బల్లలు చాలక జనం మెట్ల మీద, స్కూటర్ల మీద కూర్చుని తిన్నారు. పెద్దాయన వడ్డిస్తూ చెమటలో మెరిసిపోయాడు, "అన్నం కావాలా, అన్నం కావాలా" అని అధ్యక్ష గొంతుతో అడుగుతుంటే అవతలివాళ్ళు భయపడి కావాలన్నారు. మధ్యాహ్నం విరామం దొరికి ఎదురు హోటలు సర్వర్లు కూడా నెత్తిన టోపీలతోనే వెనక సందులోంచి వచ్చారు. వాళ్ళలో ఒక అమ్మాయి సాంబారు తాగి, "మీదే బాగుందండీ, ఉప్పు సరిగ్గా ఉంది" అంది. నేను లోపలికి పోయి తలుపు వెనక నిలబడి కడుపు పట్టుకుని నవ్వాను.

అద్దం అవతల అక్క ఇదంతా చూస్తోంది. మేం ఇడ్లీ పాత్ర మోసుకుని పరిగెత్తినప్పుడు ముసలామె భుజం మీద కొట్టి చూపించింది. ఒకసారి నాతో చూపు కలిసింది. చెయ్యెత్తి, వేళ్ళు ముడిచి, ఎట్లా ఉందని సైగ చేసింది. నేను రెండు చేతులూ జోడించి ప్రాధేయపడ్డాను. ఆమె తల వెనక్కి వాల్చి నవ్వింది. చప్పుడు వినిపించలేదు, కానీ అంత పెద్ద నవ్వు మెస్సులో ఎప్పుడూ చూడలేదు. తర్వాత మా వైపు చూడ్డం మానేసి, తీరిగ్గా కాఫీ చెప్పించుకుంది.

సాయంత్రం పొద్దు వాలకముందు ముగ్గురూ తిరిగొచ్చారు. వంటిల్లు యుద్ధం ముగిసిన చోటులాగా ఉంది. మిగిలిన సాంబారు ఒక గ్లాసులో పోసి ఆమె చేతికిచ్చాం. నలుగురం వరసగా నిలబడ్డాం.

"ఎట్ల ఉందక్కా?" అన్నాడు పెద్దాయన.

"సాంబారు మాదిరే ఉండాది" అంది.

అంతకు మించిన పొగడ్త నేనెక్కడా వినలేదు.

"ఆడ ఎట్ల ఉండింది?" అని టీచరమ్మ అడిగింది.

అక్క కూర్చుంది. ఆమె తన మెస్సులో కూర్చోవడం మేం చూడటం అదే మొదలు. "వేడిగా తెచ్చి ముందర పెట్టినారు. ఇంకేమన్నా కావాలా అని అడిగినారు. నన్ను. ఇంకేమన్నా కావాలా అని." రెండు వేళ్ళు చూపించింది. "రెండు మాట్లు అడిగించుకున్నా. బాగుండాది మే, అడిగించుకోవడం."

లెక్కలన్న నేల చూశాడు. "అయితే సోమవారం..." అన్నాను.

"రానని చెప్తా."

"ఏం?"

"కాఫీ తాగతా వాళ్ళ మేనేజరు దగ్గిర కనుక్కున్నా. ఆడ కస్టమర్లను తిట్టకూడదంట. వారానికి ఆరు రోజులు నోరు మూసుకుని ఎట్లుండేది అన్నా, నాకు నడుం నొప్పే నయం" అని నవ్వింది. అప్పుడే ముఖం గట్టిపడింది. "కానీ వినండి. ఈ ఒక్క ఆదివారం గాదు. అన్ని ఆదివారాలూ నావి. ఒక్క ఆదివారం మీరు రాకపోయినా, ఆ సోమవారం నేను అంబత్తూరు బస్సు ఎక్కతా. ఆ ఉద్యోగం ఇంకొన్నాళ్ళు నా కోసం ఉంచుతామన్నారు."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ప్రతిపాదిస్తున్నా..."

"మీరు ప్రతిపాదించొద్దు సామీ. ఉప్పు అయిపోయింది" అంది అక్క, ఖాళీ ఉప్పు డబ్బా బోర్లించి చూపిస్తూ.

అప్పటినుంచి ఆదివారాలు మావి. రుచి ప్రతివారం మారుతుంది, ఒకసారి పప్పు మాడింది, ఒకసారి లెక్కలన్న చేసిన వంకాయ వేపుడు కోసం జనం రెండోసారి వరసలో నిలబడ్డారు. అక్క ఇప్పుడు ఎదురు హోటలుకు మాత్రమే కాదు, బీచికి పోతుంది, చెల్లెలి ఇంటికి పోతుంది, ఒక్కోసారి ఎక్కడికీ పోకుండా పడుకుంటుంది. అన్నిటికంటే అదే ఇష్టమంటుంది. కానీ నలుగురం ఎన్నాళ్ళు లాగగలం? మొన్న ఆదివారం పెద్దాయనకు జ్వరం, టీచరమ్మకు బళ్ళో పరీక్షలు. లెక్కలన్న, నేను ఇద్దరమే మిగిలాం. బియ్యం కడుగుతుంటే గుమ్మంలో అక్క నిలబడి ఉంది. బీచికి కట్టుకున్న చీర కొంగు నడుముకు దోపుతోంది. బతిమాలి, బెదిరించి బయటికి పంపాం. ఆమె వెనక్కి తిరిగి చూసుకుంటూ పోయింది.

మీలో చిన్న హోటళ్ళ ప్రేమికులు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. ఫొటోలు తీస్తారు, నక్షత్రాలు ఇస్తారు, పెద్ద హోటళ్ళను తిడుతూ పొడుగ్గా రాస్తారు. చాలు. అవన్నీ పూలదండలే, దండ వేసినవాడు ఎప్పుడూ గిన్నె కడగడు. మీకు చైను హోటలు ఇష్టమైతే హాయిగా వెళ్ళి తినండి, నాకు పేచీ లేదు. చిన్నదే ఇష్టమంటారా? అయితే ఈ ఆదివారం పొద్దున మీ వీధిలో మీరు రోజూ తినే చోటికి వెళ్ళండి. బల్ల దగ్గర కూర్చోకండి. నేరుగా వంటింట్లోకి నడవండి, చేతులు కడుక్కోండి, పొయ్యి ముందున్న మనిషిని బయటికి పొమ్మనండి, గరిటె పట్టుకోండి.